కోనసీమ చమురు ఊళ్ళకు కైఫియతులు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కోనసీమ చమురు, సహజవాయువు క్షేత్రాల పేరు పత్రికల్లో కనిపించిందంటే పైపులైను లీకైందనో, స్థానికులకు ఉద్యోగాలివ్వాలని ధర్నా చేశారనో, ఫలానా ప్రమాదానికి ఇన్నేళ్ళు నిండాయనో ఉంటుంది. ఆ వార్తలు అక్కర్లేదని నేను అనను. అయితే 1970ల చివర్లో నర్సాపురం దగ్గర తొలి అన్వేషణ బావి తవ్విన నాటి నుంచి లెక్క వేసుకుంటే, ఈ పరిశ్రమ మన డెల్టాలో అడుగుపెట్టి అర్ధ శతాబ్దం కావస్తోంది. ఇంతకాలం మన పొలాల అడుగు నుంచి వాయువును, చమురును తోడుకుపోయిన ఈ వ్యవహారానికి ఊళ్ళ వైపు నుంచి రాసిపెట్టిన చరిత్ర, పాత మాటలో చెప్పాలంటే కైఫియతు, నేను చూసినంతలో లేదు. ఉన్నదంతా కంపెనీ వైపు నుంచో, ప్రభుత్వం వైపు నుంచో, ప్రమాదం జరిగిన రోజు పరుగున వచ్చిన విలేకరి వైపు నుంచో రాసినదే. ఆ లోటు గురించి, దాన్ని పూడ్చుకోవడానికి ఇంకా మిగిలిన కొద్దిపాటి వ్యవధి గురించి రాయదలచాను. ఉత్తరం కాస్త పెద్దదైనందుకు మన్నించగలరు.

ముందుగా ఒక విచిత్రం చెప్పాలి. మన ఊళ్ళ పేర్లు భూగర్భ శాస్త్రంలో ఎంత గట్టిగా స్థిరపడ్డాయో మనలో చాలామందికి తెలియదు. బావికి దగ్గరి ఊరి పేరు పెట్టి, పక్కన వరుస అంకె వేయడం ప్రభుత్వ రంగ చమురు సంస్థ ఓఎన్జీసీలో ఆనవాయితీ. అలా రాజోలు, పాశర్లపూడి, తాటిపాక, కేశనపల్లి, మోరి, పొన్నమండ, అడవిపాలెం, మండపేట, అటు కొల్లేటి వైపు కైకలూరు, లింగాల పేర్లన్నీ ఆ దస్తరాల్లోకి ఎక్కాయి. అక్కడితో ఆగలేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో భూమి కింది పొరలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు వరసగా చదివితే ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు బోర్డు చదివినట్టే ఉంటుంది: పాశర్లపూడి ఫార్మేషన్, భీమనపల్లి సున్నపురాయి, మత్స్యపురి ఇసుకరాయి, పాలకొల్లు షేల్, వడపర్రు షేల్, నర్సాపురం క్లేస్టోన్, మండపేట ఇసుకరాయి. రాజోలు ఫార్మేషన్ అంటే దక్కన్ పీఠభూమిని పరచిన లావాయే ఇక్కడి దాకా పారి గడ్డకట్టిన నల్లరాయి. దాని వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్ళు. అంటే మన కాళ్ళ కింద కోట్ల ఏళ్ళ కథను పొర పొరగా విడదీసి, ప్రతి పొరకూ మన ఊరి పేరే పెట్టి భద్రంగా రాసుకున్నారు. ఆ పొరల పైన నిలబడి ఉన్న ఊరికి ఈ యాభై ఏళ్ళలో ఏం జరిగిందో రాయవలసిన పని మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

ఏం జరిగిందని అడిగేవారికి, బావి తవ్వే భారీ యంత్రం రిగ్గు రావడం దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. ఇప్పుడున్నన్ని వంతెనలు, ఇంత వెడల్పు రోడ్లు లేని కాలమది. ఎడ్లబండి, మహా అయితే ధాన్యం లారీ తిరగడానికి సరిపోయే కాలువ గట్ల మీదికి, రిగ్గును ముక్కలు ముక్కలుగా విప్పి తెచ్చిన పెద్ద ట్రైలర్లు ఎక్కాయి. మలుపు తిరగని చోట ప్రహరీ గోడ కొట్టించారు. పంట కాలువల మీద పాత తూములు బరువు ఆపలేవని కొత్తవి కట్టించారు. ఈనాటికీ మా వైపు కొన్ని ఊళ్ళలో, ఊరి స్థాయికి మించిన వెడల్పుతో ఒక రోడ్డు సరాసరి చేలోకి వెళ్ళి అక్కడితో ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవారికి అది అర్థం కాదు. ఆ రోడ్డు ఊరి కోసం వేసినది కాదు, రిగ్గు కోసం వేసినది.

సైటుకు తీసుకున్న నాలుగైదు ఎకరాల వరిచేనునో కొబ్బరి తోటనో ముందు మెరక చేయాలి. మన డెల్టాలో కంకర దొరకదు గనుక మెట్ట ప్రాంతం నుంచి లారీల మీద ఎర్ర గ్రావెల్ తోలి నల్లరేగడి మీద పరిచారు. బావిలో ఏమీ పడక వదిలేసిన చోట కంచె తీసేశారు, యంత్రాలు పోయాయి, కొబ్బరి మొక్కలు మళ్ళీ నాటారు. ఆ ఎర్ర కంకర మాత్రం పూర్తిగా పోలేదు. ఇరవై, ముప్పై ఏళ్ళ తోటల్లో కూడా పార వేస్తే అడుగున్నర లోతులో ఎర్రగా తగులుతుంది, అక్కడ చెట్లు పక్క చెట్లంత ఏపుగా కూడా ఉండవు. ఒకప్పుడు ఇక్కడ బావి తవ్వారని చెప్పే గుర్తు చాలా చోట్ల అదొక్కటే. ఆ తోట చేతులు మారితే, కొన్నవారికి ఆ ఎరుపు ఎందుకో చెప్పేవారు కూడా ఉండరు.

ఇక చెట్టు లెక్క సంగతి. కొబ్బరి తోటలో సైటుకు గుర్తు పెట్టిన మేరకు చెట్లు లెక్కవేసి, కాపు మీద ఉన్నదెంత, లేతదెంత, ముసలి చెట్టెంత అని వేరు చేసి పరిహారం కట్టేవారు. ఏ చెట్టు ఏ దింపుకు ఎన్ని కాయలిస్తుందో ఇంట్లో పిల్లల వయసులా నోటికి చెప్పగలిగిన రైతులు, ఆ సంగతి కాగితం మీద రుజువు చేయలేక తడబడ్డారు. ఆ వాదనలు, ఆ బేరాలు, చివరికి కుదిరిన రేటు, ఆ డబ్బుతో ఎవరు ఆడపిల్ల పెళ్ళి చేశారు, ఎవరు అమలాపురంలో స్థలం కొన్నారు, ఎవరు కోర్టు చుట్టూ తిరిగారు అన్నవన్నీ కలిస్తేనే ఆ ఊరి చరిత్ర. కంపెనీ దస్త్రంలో దీనికి ఒక సర్వే నంబరు, ఒక మొత్తం, ఒక సంతకం మాత్రమే ఉంటాయి.

ఆ దస్త్రంలో అసలు లేనివారు ఇంకా ఉన్నారు. పరిహారం పట్టాదారుకు వచ్చింది. ఆ చేను నోటిమాట మీద కౌలుకు చేస్తున్న రైతుకు, అందులో నాట్లు వేసి కోతలు కోసే కూలీలకు, ఆ తోటలో దింపు తీసే కార్మికుడికి, ఒలుపు పని చేసేవారికి, ఆకులు అల్లుకుని బతికే ఆడవాళ్ళకు పోయిన పని ఎన్ని రోజులో ఎవరూ లెక్క కట్టలేదు. రేపు ఎవరైనా చరిత్రకారుడు పాత కాగితాలు మాత్రమే చూసి ఈ ప్రాంత చరిత్ర రాస్తే, చమురు ఊళ్ళలో భూమి ఉన్నవారు మాత్రమే బతికారని అనుకోవలసి వస్తుంది. అందుకే ఈ చరిత్రకు కాగితాలు చాలవు, మనుషుల నోటి మాట కావాలి. ఆ మనుషులు ఇప్పుడు డెబ్బై దాటినవారు.

మరో వైపు, రిగ్గుతో పాటు కొత్త మనుషులు వచ్చారు. అస్సాం, గుజరాత్, బెంగాల్, పంజాబ్ వైపు నుంచి వచ్చిన ఉద్యోగులు మన పెంకుటిళ్ళలో వాటాలు అద్దెకు తీసుకున్నారు. పెసరట్టు, పూరీ తప్ప ఎరగని సెంటర్ హోటళ్ళు రాత్రిపూట రొట్టెలు కాల్చడం మొదలుపెట్టాయి. జీపులు, తర్వాత కార్లు కొని కంపెనీకి అద్దెకు పెట్టినవారు, క్యాంపుకు పాలు, కూరగాయలు వేసినవారు, కాపలా పనిలోనో వంట పనిలోనో కాంట్రాక్టరు కింద చేరి పాతికేళ్ళకు కూడా అదే కాంట్రాక్టు కూలీగా మిగిలినవారు, అందరూ ఇంకా మన మధ్యనే ఉన్నారు. మా ప్రాంతంలో ఒక తరం మగవాళ్ళకు నాలుగు ముక్కల హిందీ వచ్చిందంటే దానికి సినిమాల కంటే రిగ్గులే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

మంట సంగతి కూడా చెప్పాలి. బావిని పరీక్షించేటప్పుడు, వాయువును పట్టి పంపే ఏర్పాటు లేనప్పుడు గొట్టం చివర మండించి వదులుతారు. అర్ధరాత్రి కూడా ఆకాశం ఒక పక్క నారింజ రంగులో ఉండే ఊళ్ళలో పుట్టి పెరిగినవారికి చీకటంటే ఏమిటో పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాకే తెలిసింది. ఆ వెలుగుకు పురుగు చేరి దగ్గరి చేలు పాడవుతున్నాయని రైతులు, అలాంటిదేమీ లేదని అధికారులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. నేల కుంగుతోందా, ఉప్పు నీరు పైకి వస్తోందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. తేల్చవలసింది శాస్త్రజ్ఞులే. కానీ ఫలానా సంవత్సరం దాకా మా నూతి నీళ్ళు తాగాం, తర్వాత తాగలేకపోయాం అని చెప్పగలిగిన ఇల్లాళ్ళ మాటను తేదీలతో సహా ఎవరైనా రాసిపెట్టి ఉంటే, ఆ శాస్త్రజ్ఞులకూ పనికివచ్చేది.

1995 సంగతి తెలియనివారు ఉండరు. ఆ ఏడాది జనవరి 8 సాయంత్రం, దేవర్లంక దగ్గర పాశర్లపూడి 19వ నంబరు బావి తవ్వుతుండగా వాయువు అదుపు తప్పి ఎగజిమ్మి అంటుకుంది. తవ్వేటప్పుడు బావిలో నింపి ఉంచే చిక్కటి బురద బరువే లోపలి వాయువును అణచిపెడుతుంది. ఎక్కువ ఒత్తిడి ఉన్న పొర తగిలి ఆ బరువు చాలకపోయినప్పుడు, పైన బిగించిన రక్షణ కవాటాలు కూడా ఆపలేకపోతే జరిగేది ఇదే. ఆ మంట 65 రోజులు మండింది. అమెరికా నుంచి వచ్చిన నిపుణుల తోడ్పాటుతో మార్చి 15న ఆరింది. ఈ తేదీలు, ఈ అంకె ఏటా పత్రికల్లో అచ్చవుతూనే ఉన్నాయి. ఇలాంటి ప్రమాదాన్ని చెప్పే బ్లోఅవుట్ అన్న మాట కోనసీమలో చదువురాని ముసలివారి నోట కూడా తెలుగు మాటలాగే పలుకుతుంది.

కానీ ఆ 65 రోజులు జనం ఎలా గడిపారన్నది మాత్రం అచ్చు కాలేదు. క్యాలెండరు చూడండి: ప్రమాదం జరిగిన వారం రోజులకు సంక్రాంతి. ముగ్గులు వేస్తున్న వాకిళ్ళు, గొబ్బెమ్మలు, పండక్కి కూతురూ అల్లుడూ వస్తారని వండి డబ్బాలకెత్తిన అరిసెలు అలాగే వదిలి, చంకన పిల్లలతో, తోలుకు వెళ్ళగలిగినన్ని పశువులతో చుట్టుపక్కల ఊళ్ళకు పోయినవారున్నారు. చుట్టాల ఇళ్ళలో మొదటి వారం ఆదరణ, మూడో వారానికి ఇరుకు, రెండో నెలకు మాటా మాటా. ఈ సంగతులు ఇప్పటికీ రెండు కుటుంబాలు కలిసినప్పుడు సగం నవ్వుతో సగం నిష్ఠూరంతో బయటికి వస్తాయి. ఆ మంట చప్పుడుకు పక్క పక్కన నిలబడి కూడా అరిచి మాట్లాడుకోవలసి వచ్చిందని, మంట ఆరిన రాత్రి ఆ నిశ్శబ్దానికే నిద్ర పట్టలేదని చెప్పినవారున్నారు. చూడటానికి దూరం నుంచి జనం తిరునాళ్ళలా వచ్చారు. వచ్చినవారికి వేరుశెనక్కాయలు, సోడాలు అమ్మి ఆ రెండు నెలలు ఇల్లు గడుపుకున్నవారూ ఉన్నారు. సిగ్గుపడవలసిందేమీ లేదు, విపత్తు పక్కన కూడా మనిషి బతకాలి గదా. మరుసటి ఏడాదే, 1996 నవంబరు 6న, తుఫాను వచ్చి కోనసీమ కొబ్బరిని పడగొట్టింది. అందుకే మా పెద్దవారి జ్ఞాపకంలో ఆ రెండేళ్ళు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతున్నాయి. ఫలానా చెట్టు వేడికి మాడిందా, గాలికి పడిందా అంటే ఒకే ఇంట్లో అన్నయ్యది ఒక మాట, తమ్ముడిది ఒక మాట. ఇంకొక పదేళ్ళు ఆగితే ఆ తగవు తీర్చడానికి కూడా ఎవరూ ఉండరు.

2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాకకు దగ్గర్లోనే ఉన్న నగరం గ్రామంలో జరిగింది వేరు. అక్కడ బావి లేదు; తాటిపాక వైపు నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వాయువు తీసుకెళ్ళే పైపులైను ఇళ్ళ పక్క నుంచి వెళ్తోంది. అది పగిలి, బయటికి వచ్చి పరుచుకున్న వాయువు అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది నిద్రలోనే. ఆ ఘటన మీద విచారణలు జరిగాయి, ఆ వివరాల్లోకి నేను వెళ్ళను. ఈ ఉత్తరానికి అవసరమైన సంగతి ఒకటుంది: పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో, అందులో పోయేది ఏమిటో, వాసన వస్తే ఎవరికి చెప్పాలో ఆ పైపు వేసిన నాటి పెద్దలకు కాస్తో కూస్తో తెలుసు గానీ, తర్వాత వచ్చి దాని పక్కన ఇల్లు కట్టుకున్నవారికి అంతగా తెలియదు. ఊరి చరిత్ర తెలియకపోవడం వల్ల పోయేది పరువు మాత్రమే కాదని ఇక్కడ తేలింది.

దీనికి ఆధారాలు లేవని అనుకోవద్దు. పైపులైను వేయడానికి భూమి కొనరు. 1962 నాటి కేంద్ర చట్టం కింద ఆ భూమిలో వినియోగ హక్కు మాత్రం తీసుకుంటారు. భూమి రైతు పేరనే ఉంటుంది, పన్ను రైతే కడతాడు, వరి వేసుకోవచ్చు; కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టరాదు, చెరువు తవ్వరాదు, చెట్టు నాటరాదు. వరి పండే చోట ఇది పెద్ద నష్టంగా కనిపించకపోవచ్చు. కొబ్బరే ఆధారమైన సీమలో చెట్టు నాటరాదంటే ఆ పట్టీ సగం చచ్చినట్టే. దానికి చట్టం చెప్పిన పరిహారం, పనివల్ల జరిగిన నష్టం కాక, నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. ఈ హక్కు తీసుకునే ముందు కేంద్ర ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటన వేయాలి. అభ్యంతరాలకు 21 రోజుల గడువు ఇవ్వాలి. ఆ ప్రకటనల్లో మండలం, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం వరుసగా అచ్చవుతాయి. అంటే ప్రతి పైపులైనూ ఏ ఊళ్ళో ఎవరి చేను కింద నుంచి పోయిందో చెప్పే పట్టికలు ప్రభుత్వమే అచ్చు వేసి ఉంచింది. వాటిని తీసి, గ్రామ పటం మీద రంగు పెన్సిలుతో గీసి, పంచాయతీ కార్యాలయం గోడకు తగిలించడం ఒక హైస్కూలు తొమ్మిదో తరగతి పిల్లలు వారం రోజుల్లో చేయగలిగిన పని. ఇది చరిత్ర పాఠమూ అవుతుంది, జాగ్రత్తా అవుతుంది.

మరి ఇతర చోట్ల ఏం చేశారు? అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని టైటస్‌విల్ అనే చిన్న ఊళ్ళో 1859 ఆగస్టులో ఎడ్విన్ డ్రేక్ అనే ఆయన తవ్వించిన సుమారు 21 మీటర్ల బావిలో చమురు పడింది. ఆ బావి ఉన్న చోట ఇప్పుడు మ్యూజియం ఉంది. దానికి దగ్గర్లోనే పిట్‌హోల్ అనే ఊరు 1865లో చమురు కోసం పుట్టి, నెలల్లోనే సుమారు 15,000 మంది జనాభాకు ఎదిగి, చమురు తగ్గగానే ఖాళీ అయిపోయింది. 1870 జనాభా లెక్కల నాటికి అక్కడ మిగిలింది 281 మంది. ఇవాళ అక్కడ ఇళ్ళు లేవు. ఒకప్పటి వీధులు ఎక్కడెక్కడ ఉండేవో ఆ గీతల వెంట గడ్డి కోసి, చూడవచ్చినవారికి ఊరి ఆకారం తెలిసేలా ఉంచుతున్నారు. కెనడాలోని ఆయిల్ స్ప్రింగ్స్ గ్రామం కూడా తన చమురు చరిత్రకు మ్యూజియం పెట్టుకుంది. మన దేశంలో అస్సాంలోని డిగ్బోయ్ ఉంది. 1889లో అక్కడ చమురు బావి తవ్వకం మొదలైంది, 1901లో చమురును శుద్ధి చేసే రిఫైనరీ ప్రారంభమైంది. తొలి బావిని గుర్తుగా నిలబెట్టుకున్నారు, మ్యూజియం కూడా ఉంది. అయితే కంపెనీ పెట్టిన మ్యూజియంలో యంత్రాలు, దొరల ఫొటోలు, ఉత్పత్తి అంకెలు ఉన్నంత నిండుగా కూలీల ఇళ్ళ వరుసలు, వారి పాటలు, వారి రోగాలు ఉండవు. అది కంపెనీ తప్పని కూడా అనలేం. తన కథ తాను చెప్పుకుంటుంది. మన కథ మనం చెప్పుకోవలసినదే.

పిట్‌హోల్‌కూ మన ఊళ్ళకూ తేడా ఒకటుంది, అది మన పనిని మరింత కష్టం చేస్తుంది. అవి చమురు కోసం పుట్టిన ఊళ్ళు. చమురు పోతే శిథిలాలు మిగిలాయి, ఆ శిథిలాలే జ్ఞాపకం అయ్యాయి. మన ఊళ్ళు చమురుకు ముందు నుంచీ ఉన్నవి, చమురు తర్వాతా ఉంటాయి. రాజోలుకు, మామిడికుదురుకు కొబ్బరి, వరి, చేపలు, గల్ఫ్ డబ్బు ఉన్నాయి. బావి ఎండిపోతే సిమెంటు పోసి మూసి, కంచె పీకి, చేను అప్పగించి వెళ్ళిపోతారు. చూడటానికి ఏమీ మిగలదు. తాటిపాకలో 2001లో మొదలైన, ఏడాదికి 66,000 టన్నుల సామర్థ్యం గల చిన్న రిఫైనరీ ఉంది; ఇక్కడి చమురును నాఫ్తాగా, డీజిలుగా, కిరోసినుగా విడదీసేది అదే. పెద్ద రిఫైనరీల పక్కన దాన్ని పెడితే కంటికి ఆనదు. అయినా ఒక పల్లెటూరి సెంటరుకు ఆనుకుని రిఫైనరీ నడవడం మన రాష్ట్రంలో మామూలు సంగతి కాదు. అది కూడా ఏదో ఒకరోజు మూతపడితే, దాని గురించి చెప్పడానికి అందులో పనిచేసినవారి గ్రూప్ ఫొటోలు తప్ప ఏం మిగులుతాయి?

సముద్రం వైపు కథ వేరుగా నడిచింది, దాని గురించి క్లుప్తంగా చెప్తాను. 1987లో రవ్వ క్షేత్రం బయటపడింది. 2002లో లోతు సముద్రంలో డీ6 అనే వాయు క్షేత్రం దొరికి, 2009 నుంచి వాయువు రావడం మొదలైంది. ఇలాంటి సముద్ర క్షేత్రాల నుంచి పైపుల్లో వచ్చేదాన్ని అందుకోవడానికి ఎస్.యానాం, ఓడలరేవు, గాడిమొగ ఒడ్డున టెర్మినళ్ళు వెలిశాయి. మన వాయువుతో విజ్జేశ్వరం, జేగురుపాడు విద్యుత్ కేంద్రాలు, కాకినాడ ఎరువుల కర్మాగారం నడిచాయి. ఆ తీరపు మత్స్యకారులకు టెర్మినల్ అంటే పొడుగాటి గోడ, దాని వెనక ఒక మంట, సముద్రంలో వల వేయకూడని చోట్లు. వారి మాటలు వేరే సేకరించాలి. మా లంకల వాళ్ళం వారి తరఫున మాట్లాడటం సబబు కాదు.

చమురుతో తెలుగువారి పరిచయం ఓఎన్జీసీతోనే మొదలు కాలేదని కూడా ఇక్కడ గుర్తు చేయాలి. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన మన గోదావరి, విశాఖ జిల్లాల కూలీలు రంగూన్ రేవులోనూ, ధాన్యం మిల్లుల్లోనూ కాక రంగూన్ దగ్గరి సిరియం చమురు శుద్ధి కర్మాగారంలోనూ చెమటోడ్చారు. 1942లో జపాను సైన్యం వస్తుంటే తెల్లవారు ఆ కర్మాగారాన్ని, యెనాంజాంగ్ చమురు బావులను తామే ధ్వంసం చేసి వెళ్ళారు. మనవారు కాలినడకన తిరిగివచ్చారు, రానివారు దారిలో పోయారు. వారి నోటి మాటను ఆ రోజుల్లో ఎవరూ రాయలేదు. రంగం (రంగూన్) వెళ్ళొచ్చిన తాత అన్న మాట తప్ప ఆయన అక్కడ ఏం పని చేశాడో చెప్పగలిగిన ఇళ్ళు ఇవాళ ఎన్ని ఉన్నాయి? ఆ తరంతో పోయినదే ఈ తరంతోనూ పోబోతోంది.

మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. రెండు వందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కొలువులో కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి కవిలెలు (ఊరి లెక్కల దస్తరాలు) చూసి, పెద్దలను అడిగి కైఫియతులు రాయించారు. ఊరికి ఎల్లలేవి, గుడి ఎవరు కట్టించారు, మాన్యాలు ఎవరివి, ఏ దొర కాలంలో ఏ ఉపద్రవం వచ్చింది అని అందులో ఉంటుంది. కొన్ని నమ్మదగినవి, కొన్ని కాకమ్మ కబుర్లు. అయినా అవి లేకపోతే ఆ కాలపు తెలుగు పల్లె గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. సరిగ్గా ఆ పద్ధతిలోనే, ప్రతి బావి ఉన్న గ్రామానికీ ఒక చమురు కైఫియతు రాయించాలని నా ప్రతిపాదన. మొదటి సర్వే జీపు ఎప్పుడు వచ్చింది, ఏ చేలో బావి వేశారు, దానికి ముందు ఆ చేలో ఏం పండేది, కౌలు ఎవరిది, ఎన్ని చెట్లు కొట్టారు, ఊళ్ళో ఎవరికి ఏ పని దొరికింది, ఎవరికి ఏ పని పోయింది, బావి ఎప్పుడు మూశారు, పైపులు ఎటు పోతున్నాయి. ఇరవై పేజీలు చాలు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతకవలసి వస్తుంది, ధవళేశ్వరంలో ఆయన పేర మ్యూజియం ఉంది. నీళ్ళు తెచ్చిన చరిత్రను అంత శ్రద్ధగా తలుచుకునే జనం, నేల లోపలి నిధి బయటికి పోయిన చరిత్రను పట్టించుకోకపోవడం వింతగా ఉంది. బహుశా మొదటిది మనకు ఇచ్చింది, రెండోది మన నుంచి తీసుకుంది గనుక కావచ్చు. తీసుకున్నదానికే కదా లెక్క ముందు రాసి ఉంచాలి!

దీనికి అడ్డు చెప్పేవారు ఉంటారు. పాతవి తవ్వితే పరిహారాల గొడవలు మళ్ళీ లేస్తాయని కొందరు, పిల్లనివ్వడానికి వచ్చినవారు మంటల ఊరని వెనక్కి పోతారని కొందరు, ఉన్న కాంట్రాక్టు పని పోతుందని కొందరు నాతోనే అన్నారు. చివరి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే ఈ పనిని ధర్నాతోనూ, వినతిపత్రంతోనూ కలపకూడదు. చెప్పేవారి పేరు వద్దంటే వద్దు. కంపెనీలో పనిచేసి రిటైరై ఇక్కడే స్థిరపడిన ఉద్యోగుల మాట కూడా అంతే శ్రద్ధగా రాయాలి. 65 రోజులు ఆ వేడి దగ్గర నిలబడి పనిచేసినవారిలో వారూ ఉన్నారు. సామాజిక బాధ్యత నిధులతో బడి గదులు, మంచినీటి ట్యాంకులు కడుతున్నారు. ఆ నిధుల్లో కొద్ది మొత్తం దీనికి ఇస్తే పుచ్చుకోవచ్చు, రాత మాత్రం ఊరి చేతిలోనే ఉండాలి. రాసినదాని ప్రతులు పంచాయతీలో ఒకటి, శాఖా గ్రంథాలయంలో ఒకటి, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి పాత సంస్థలో ఒకటి ఉంచితే, ఒక చోట చెదపట్టినా మరో చోట దొరుకుతుంది.

ఇక మీ పత్రికను కోరేది. 1995లో మీ విలేకరులు, ఫొటోగ్రాఫర్లు ఆ 65 రోజులూ ఇక్కడే మకాం వేశారు. అచ్చయినవి పది ఫొటోలైతే అచ్చు కానివి వంద ఉంటాయి. అప్పటి నెగటివ్‌లు, విలేకరుల నోటు పుస్తకాలు మీ కార్యాలయంలో గానీ, ఆ పాత్రికేయుల ఇళ్ళలో గానీ ఇంకా ఉంటే వాటిని వెతికించి, ఏ రోజు ఎక్కడ తీసినవో వారు చెప్పగలిగినప్పుడే రాయించండి. జిల్లా అనుబంధంలో వారానికి పావు పేజీ కేటాయించి, ఒక్కో వారం ఒక్కో ఊరి పేరు వేసి, ఆ ఊరి వారి దగ్గరున్న పరిహారం కాగితాలు, గెజెట్ నోటీసులు, రిగ్గు ముందు దిగిన ఫొటోలు, క్యాంపు గుర్తింపు కార్డుల నకళ్ళు పంపమని పాఠకులను అడగండి. నర్సాపురంతో మొదలుపెడితే వరుస ప్రకారం ఉంటుంది. పాశర్లపూడి, మామిడికుదురు, రాజోలు వైపు వచ్చినవాటిని సర్ది, ఎవరివి వారికి భద్రంగా తిప్పి పంపే పనికి మా వైపు విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మామిడికుదురు మండలం, కోనసీమ జిల్లా